వానలో బెర్గెన్: పిల్లలతో, అత్తగారితో నాలుగు రోజులు

ప్రశ్న: మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. జులై రెండో వారంలో నార్వేలోని బెర్గెన్‌కి నాలుగు రోజులు వెళ్దామని ఫ్లైట్ టికెట్లు తీసుకున్నాం. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి నాలుగేళ్ళు. విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు కూడా మాతో వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి, గుడ్డు కూడా తినరు. టికెట్లు కొన్నాక తెలిసింది, అక్కడ ఎప్పుడు చూసినా వానేనట. ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ) టూర్ ఒక్క రోజులో, పన్నెండు గంటల్లో అయిపోతుంది, బుక్ చేసేద్దామని మావారు అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వానలో పిల్లల్ని పెట్టుకుని ఏం చూస్తాం? ఖర్చు కూడా చాలా ఎక్కువంటున్నారు. వెళ్ళాలా, మానుకోవాలా?
— ఒక పాఠకురాలు, ఫ్రాంక్‌ఫర్ట్

సమాధానం:

తప్పకుండా వెళ్ళండి. క్యాన్సిల్ చేసుకోవాల్సిన అవసరం ఏమీ లేదు. ఆ పన్నెండు గంటల టూర్ మాత్రం ఇప్పుడే బుక్ చెయ్యకండి, దాని సంగతి కింద చెప్తాను.

ముందు వాన గురించి. మీరు విన్నది నిజమే. బెర్గెన్‌లో ఏడాదికి దాదాపు 2250 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన హైదరాబాద్‌లో పడేదానికి ఇది రెండున్నర రెట్ల పైమాటే. 2006-07 చలికాలంలో అక్కడ వరసగా 85 రోజులు వాన పడింది. అట్లాంటిక్ మీంచి తేమ నింపుకుని వచ్చే గాలి ఊరి చుట్టూ ఉన్న కొండలకు తగిలి పైకి లేస్తుంది, పైకి వెళ్ళి చల్లబడి అక్కడే కురుస్తుంది. బాబు అడిగితే ఇదే చెప్పండి, కొండ ఎక్కినప్పుడు మబ్బులు సముద్రం వైపు నుంచి రావడం వాడే చూస్తాడు. అయితే ఆ వాన మన తుఫాను వానలా ఉండదు. చాలాసార్లు సన్నగా పడుతుంది, గంటసేపు తెరిపిస్తుంది, మళ్ళీ మొదలవుతుంది. జులైలో పగటి వేడి 18, 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ ఊరి పిల్లలు వానలోనే పార్కుల్లో ఆడుకుంటారు, బురదలో కూర్చుంటారు, టీచర్లు కూడా లోపలికి రమ్మనరు. బట్టలు సరిగ్గా ఉంటాయి కాబట్టే అది కుదురుతుంది.

అందుకే మీ డబ్బులో మొదటి వాటా బట్టలకు పెట్టండి, అదీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. పిల్లలిద్దరికీ రెయిన్ జాకెట్‌తో పాటు రెయిన్ ప్యాంటు, రబ్బరు బూట్లు కావాలి. జాకెట్ ఒక్కటే కొంటే తొడల దగ్గర తడిసి, అరగంటలో ఏడుపు మొదలవుతుంది. లోపల కాటన్ వద్దు. కాటన్ తడిస్తే ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. పల్చటి ఉన్ని బనియన్, ఉన్ని సాక్సులు వేస్తే కాస్త తడిసినా వెచ్చగానే ఉంటాయి. నార్వే తల్లులు వేసవిలో కూడా పిల్లలకు ఉన్ని బట్టలే సర్దుతారు. గొడుగుల మీద మరీ ఆశ పెట్టుకోకండి, గాలికి తిరగబడతాయి. పాపను స్ట్రాలర్‌లో తిప్పేట్టయితే దాని రెయిన్ కవర్ మర్చిపోకండి.

ఇక రోజులు ఎలా గడపాలన్నది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నేనిచ్చే సలహా ఒక్కటే: రోజుకి ఒక్క పని పెట్టుకోండి. మిగతా సమయాన్ని అలా వదిలెయ్యండి. బెర్గెన్ దీనికి బాగా పనికొచ్చే ఊరు. నార్వేలో రెండో పెద్ద నగరమే అయినా, చూడాల్సినవన్నీ ఓడరేవు చుట్టూ నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి. అలసిపోతే పది నిమిషాల్లో గదికి చేరిపోవచ్చు. అందుకని గది కొంచెం ఖరీదైనా ఊరి మధ్యలో, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. అత్తయ్యగారికి మధ్యాహ్నం ఓ గంట నడుం వాల్చే వీలుండటమే మీ ట్రిప్‌ని కాపాడుతుంది.

చాలామంది తలకిందులు చేసుకునే విషయం ఒకటుంది. కొండ మీదకు వెళ్ళే రోజును ముందే ఖాయం చేసుకుని, బోటు ప్రయాణాన్ని మంచి ఎండ కోసం ఆపుకుంటారు. మీరు దీనికి సరిగ్గా ఎదురు చెయ్యండి. బోటు ఏ రోజయినా ఫరవాలేదు. వాన పడితే జలపాతాలు ఇంకా నిండుగా దూకుతాయి, చలేస్తే లోపల కూర్చునే చోటుంటుంది. కొండ అలా కాదు, మబ్బు పట్టిందంటే పైన ఏమీ కనిపించదు. కాబట్టి బోటు టికెట్టు ముందే కొనుక్కోండి, కొండను చేతిలో ఉంచుకోండి. రోజూ పొద్దున్నే యర్ అనే వాతావరణ యాప్ చూడండి, నార్వే వాతావరణ శాఖ, అక్కడి ప్రభుత్వ రేడియో-టీవీ సంస్థ కలిసి నడుపుతాయి. గంట గంటకూ ఎక్కడ వాన పడుతుందో చూపిస్తుంది. నాలుగు రోజుల్లో ఎప్పుడు రెండు గంటలు తెరిపిస్తుందనిపిస్తే అప్పుడు చేతిలో ఉన్న పని వదిలేసి కొండెక్కెయ్యండి.

ఆ కొండ పేరు ఫ్లోయెన్. చేపల మార్కెట్‌కి కాస్త ఎగువన స్టేషన్ ఉంటుంది, అక్కడి నుంచి ఫ్లోయ్‌బానెన్ అనే రైలు కొండ వాలు మీద పట్టాల వెంట తాడు సాయంతో పైకి వెళ్తుంది. 1918 నుంచీ నడుస్తోంది. ఆరేడు నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. ఇళ్ళ కప్పులు, ఓడరేవు, దీవులు ఒక్కొక్కటే కిందకి జారిపోతుంటే పిల్లలు కిటికీ వదలరు. పైన స్టేషన్ బయటే చదునైన పెద్ద అరుగు, కూర్చునే చోట్లు, కాఫీ దొరికే చోటు ఉన్నాయి. అత్తయ్యగారు ఒక్క మెట్టూ కష్టపడకుండా ఊరంతా చూడొచ్చు.

పిల్లలకు మాత్రం అసలు సంబరం ఊరు కనిపించడం కాదు, మేకలు. వేసవిలో ఫ్లోయెన్ మీద మేకల మందను వదులుతారు. కంచె కనపడదు. ప్రతి మేక మెడలోనూ ఒక పట్టీ, దానికి ఒక పెట్టె. అది జీపీఎస్‌తో పనిచేస్తుంది, హద్దు దగ్గరికి వస్తే అందులోంచి చప్పుడు వస్తుంది, అది విని మేక వెనక్కి తిరుగుతుంది. మీ బాబు దీన్ని వదిలిపెట్టడు, హద్దు ఎక్కడుందో కనిపెట్టాలని వెంట తిరుగుతాడు. తిరగనివ్వండి. పాపకి పక్కనే చెక్కతో కట్టిన పెద్ద ఆటస్థలం ఉంది. ఇంకొంచెం నడిస్తే చెట్ల మధ్య చెక్కతో చెక్కిన ట్రోల్ బొమ్మలుంటాయి. ట్రోల్ అంటే నార్వే కథల్లో కొండల్లో ఉండే వికారపు రాక్షసి జాతి. పాప భయపడే రకమైతే ముందే బొమ్మలని చెప్పి తీసుకెళ్ళండి. ఇంకో పది, పదిహేను నిమిషాల నడకలో స్కోమాకర్‌డీకె అనే చిన్న చెరువు వస్తుంది. దారి చదునుగానే ఉంటుంది. పొదల్లో నీలం రంగు చిన్న పళ్ళు కనిపిస్తే అవి అడవి బ్లూబెర్రీలు. జులై చివర్లో, ఆగస్టులో బాగా పండుతాయి, మీ అదృష్టం బావుంటే అప్పటికే కొన్ని దొరకొచ్చు. అడవిలో పళ్ళు ఎవరైనా కోసుకోవచ్చు, అది అక్కడి చట్టమే ఇచ్చిన హక్కు. ఫలానా కాయ ఏదో మీకు ఖాయంగా తెలిస్తేనే తినండి.

ఓడరేవులో పెద్ద టూరిస్టు ఓడలు ఆగిన రోజు పగలు ఈ రైలు దగ్గర క్యూ చాలా పొడుగ్గా ఉంటుంది. జులైలో రాత్రి పదిన్నర దాటినా వెలుతురుంటుంది, రైలు కూడా రాత్రి దాకా నడుస్తుంది కాబట్టి భోజనం చేసి ఏడింటికి వెళ్ళినా ఏం పోదు. జనం పల్చబడతారు. బాబుకి, మీవారికి ఓపికుంటే తిరిగొచ్చేటప్పుడు నడిచి దిగొచ్చు, ముప్పావుగంట దారి. మీరు, పాప, అత్తయ్యగారు రైల్లోనే దిగండి.

బెర్గెన్ బొమ్మ ఏది చూసినా కనిపించే రంగురంగుల చెక్క ఇళ్ళ వరస పేరు బ్రిగ్గెన్. ఇది 1979 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. మామూలుగా తొమ్మిదేళ్ళ పిల్లలకి ఇలాంటివి విసుగు. మీ బాబు జర్మనీలో చదువుతున్నాడు కాబట్టి వాడికి ఇది వేరేగా ఉంటుంది. సుమారు 1360లో జర్మనీ ఉత్తర తీరపు వర్తకులు, ముఖ్యంగా ల్యూబెక్ వాళ్ళు, ఇక్కడ పెద్ద వ్యాపార కేంద్రం పెట్టారు. దాదాపు నాలుగు వందల ఏళ్ళు, 1754 దాకా అది నడిచింది. ఉత్తర నార్వేలో చలిగాలికి ఎండబెట్టిన కాడ్ చేపలు ఓడల మీద ఇక్కడికి వచ్చేవి, బదులుగా ధాన్యం వెళ్ళేది. ఆ కొట్లలో పనిచెయ్యడానికి జర్మనీ నుంచి చిన్న వయసు కుర్రాళ్ళు వచ్చి, ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడకుండా ఇక్కడే ఉండిపోయేవాళ్ళు. చెక్క ఇళ్ళు కాబట్టి వాటిల్లో పొయ్యి వెలిగించకూడదు, చలికాలంలో కూడా. వంటకీ, చలి కాచుకోవడానికీ వెనకాల విడిగా గదులుండేవి, వాటిని షోట్‌స్టూనె అంటారు, ఇప్పుడు మ్యూజియంగా చూపిస్తారు. పెద్ద పెద్ద మ్యూజియంలన్నీ తిప్పకుండా ఇదొక్కటి చూపించండి. 

అంత జాగ్రత్తపడినా 1702లో మంట లేచి అంతా కాలిపోయింది. మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టారు. ఇళ్ళ మధ్య సందుల్లోకి తప్పకుండా వెళ్ళండి, అందం అంతా లోపలే ఉంది. కాళ్ళ కింద చెక్క పలకలు, రెండు పక్కలా ఒకదాని మీదికి ఒకటి వాలుతున్న గోడలు. నేల కుంగడం వల్ల ఒక్క ఇల్లూ నిటారుగా ఉండదు. ఏ కిటికీ ఎక్కువ వంకరగా ఉందో పందెం పెట్టుకుంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది. ఒక ఇంటి మీద ఒంటికొమ్ము గుర్రం బొమ్మ ఉంది, దాన్ని వెతికే పని పాపకి ఇవ్వండి. తడిసిన చెక్క మీద కాలు జారుతుంది, అత్తయ్యగారి చెయ్యి పట్టుకునే ఉండండి. ఇక్కడికి పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే మంచిది.

వాన అస్సలు వదలని రోజుకి నోర్డ్‌నెస్ అనే కొస మీద ఉన్న అక్వేరియం ఉంది. 1960లో తెరిచారు. పెంగ్విన్లు, సీ లయన్లు, నీటికుక్కలు ఉంటాయి. వాటికి తిండి పెట్టే వేళలు చూసుకుని వెళ్ళండి, ఆ ఒక్కటి చూస్తే పాపకి ఆ రోజు చాలు. బాబుకి విల్‌వీతె అనే సైన్స్ సెంటర్ ఇంకా నచ్చుతుంది, అన్నీ ముట్టుకుని తిప్పి చూసేవే. రెండూ ఒకే రోజు పెట్టకండి. డబ్బు ఖర్చు కాకుండా గంటసేపు వెచ్చగా కూర్చోవాలంటే రైల్వే స్టేషన్ పక్కనున్న ఊరి లైబ్రరీకి వెళ్ళండి, పిల్లల విభాగం బావుంటుంది. ఎవరూ ఏమీ అనరు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి బీబానెన్ అనే ట్రామ్ ఎక్కండి. బస్సు కన్నా ఎక్కువ సేపు, ముప్పావుగంట పడుతుంది, అయినా పిల్లలతో నేను ట్రామే ఎక్కమంటాను. స్ట్రాలర్ నేరుగా ఎక్కిపోతుంది. ఎయిర్‌పోర్ట్ బయట పెద్ద పెద్ద అక్షరాలతో బెర్గెన్ అని రాసి చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంటుంది. అది ఐస్‌లాండ్ కళాకారుడు రాగ్నర్ క్యార్టన్‌సన్ చేసింది. ఎందుకు పెట్టారమ్మా అని బాబు అడుగుతాడు, వాడినే చెప్పమనండి. ట్రామ్‌లో ప్రతి స్టాపు పేరు చెప్పే ముందు ఆ స్టాపుకే ప్రత్యేకమైన ఒక చిన్న ట్యూన్ మోగుతుంది. ఏ రెండూ ఒకటి కావు. మీరు దిగే స్టాపు ట్యూన్ గుర్తుపెట్టుకొమ్మని పాపకి చెప్పండి. మర్నాటి నుంచి ఎక్కడ దిగాలో మీకు ఆ పిల్లే చెప్తుంది. ఆరేళ్ళలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. మిగతావాళ్ళకి స్కిస్ యాప్‌లో కొనుక్కోవచ్చు.

ఇప్పుడు ఫ్యోర్డ్ గొడవ. మీవారు చెప్తున్నది బెర్గెన్ నుంచి వోస్‌కి రైలు, అక్కడి నుంచి గుడ్వాంగెన్‌కి బస్సు, ఆ తర్వాత నారోయ్‌ఫ్యోర్డ్ మీద బోటు, ఫ్లోమ్ నుంచి కొండ రైలు, మిర్డాల్‌లో రైలు మారి తిరిగి బెర్గెన్. ఆయన కోరికలో తప్పు లేదు. నారోయ్‌ఫ్యోర్డ్ నిజంగా గొప్ప చోటు, యునెస్కో జాబితాలో ఉంది. ఫ్లోమ్ రైలు 20 కిలోమీటర్ల దూరంలో 860 మీటర్లకు పైగా ఎక్కుతుంది. కానీ నాలుగేళ్ళ పిల్లకి అది అయిదుసార్లు ఎక్కడం, దిగడం, పన్నెండు గంటలు కూర్చోబెట్టడం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకీ అంతే. సాయంత్రానికి ఎవరికీ ఏ జలపాతమూ గుర్తుండదు, ఎవరు ఎవరి మీద విసుక్కున్నారో అదే గుర్తుంటుంది.

బదులుగా అందరూ కలిసి బెర్గెన్ ఓడరేవు నుంచే బయల్దేరే మోస్ట్రౌమెన్ బోటు ఎక్కండి. మూడు, మూడున్నర గంటల్లో తిరిగొచ్చేస్తారు. ఓస్టర్‌ఫ్యోర్డ్ వెంట వెళ్ళి, చివర్న రెండు వైపులా కొండలు దగ్గరకొచ్చే ఇరుకు నీళ్ళలోకి తీసుకెళ్తుంది. బోటును జలపాతం కిందికి, ముక్కు తడిసేంత దగ్గరికి పోనిస్తారు. ఫ్యోర్డ్ లోపల నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి కాబట్టి కడుపులో తిప్పుతుందన్న భయం పెద్దగా అక్కర్లేదు. డెక్ మీద గాలి మాత్రం గట్టిగా కొడుతుంది, టోపీలు తీసుకెళ్ళండి. మీవారికి ఫ్లోమ్ రైలు మీద మనసు చావకపోతే, ఒక రోజు ఆయనా బాబూ ఇద్దరే ఆ పెద్ద టూర్‌కి వెళ్ళిరావచ్చు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి అన్నిసార్లు రైలు, బోటు మారడమే పండగ. ఆ రోజు మీరు ముగ్గురూ ఊళ్ళో తీరిగ్గా ఉండండి. అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టుదల ఏమీ వద్దు. వేసవిలో పట్టాల పనులు జరిగినప్పుడు రైలు బదులు బస్సు వేస్తుంటారు, బుక్ చేసే ముందు అది ఒకసారి చూసుకోమనండి.

తిండి విషయానికొస్తే, ఖర్చంతా హోటల్ భోజనంలోనే ఉంది. చేపల మార్కెట్ చూడటానికి సరదాగా ఉంటుంది, కొనాలంటే ధరలు మండిపోతుంటాయి. మీకు శాకాహారం కాబట్టి వంటగదే దిక్కు. పొద్దున్నే అన్నం వండేసి, పులిహోరో, పెరుగన్నమో డబ్బాలో పెట్టుకోండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, డబ్బాలో తిండి పెట్టుకుని వెళ్ళి ఎక్కడో బల్ల మీద కూర్చుని తినడం నార్వే వాళ్ళ రోజువారీ అలవాటు. పెరుగు కోసం యోగర్ట్ నాచురెల్ అని రాసి ఉన్నది తీసుకోండి, మిగతావి తియ్యగా ఉంటాయి. కూరగాయలు, బ్రెడ్, పాలు రెమా 1000, కివి లాంటి షాపుల్లో తక్కువలో దొరుకుతాయి. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారమే కొని పెట్టుకోండి. నీళ్ళ సీసాలు కొనొద్దు, కుళాయి నీళ్ళే చక్కగా ఉంటాయి. పొడులు, పులిహోర పేస్టు ఇంటి నుంచే సర్దుకోండి. ఆవకాయ సీసా మాత్రం చెకిన్ పెట్టెలో పెట్టండి, చేతి సంచీలో పెడితే ద్రవపదార్థమని సెక్యూరిటీ దగ్గర ఆపెయ్యొచ్చు.

పిల్లలకి బెర్గెన్ వాళ్ళ షిల్లింగ్స్‌బోల్లె కొనిపెట్టండి, దాల్చినచెక్క, చక్కెర వేసి చుట్టిన పెద్ద బన్ను. అత్తయ్యగారికి పెట్టే ముందు గుడ్డు ఉందా అని అడగండి, పైన పూత కోసం గుడ్డు రాసే బేకరీలుంటాయి. జెల్లీ మిఠాయిలకీ ఇదే జాగ్రత్త, జెలటిన్ అని ప్యాకెట్ మీద ఉంటే అది జంతువులది. శనివారం ఊళ్ళో ఉంటే పిల్లల్ని షాపులో మిఠాయిల వరస దగ్గరికి తీసుకెళ్ళండి. నార్వే పిల్లలకి వారమంతా ఆగి శనివారం నాడు తమకు కావలసినవి ఏరుకుని తినే అలవాటుంది. మీవాళ్ళకీ చిన్న సంచీ ఒకటి ఇవ్వండి.

నిద్ర గురించి మీరు అడగలేదు గానీ అదే పెద్ద తలనొప్పి అవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే సూర్యుడొస్తాడు. గదికి మందపాటి కర్టెన్లున్నాయా అని బుక్ చేసే ముందే అడగండి. లేకపోతే పాప పడుకోదు, మిమ్మల్ని పడుకోనివ్వదు.

కాగితాల సంగతి. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ, ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఉంది. మీ జర్మనీ రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు రెండూ దగ్గర పెట్టుకుంటే వేరే వీసా అక్కర్లేదు. అత్తయ్యగారి షెంగెన్ విజిటర్ వీసా కూడా చెల్లుతుంది, తిరిగొచ్చే తేదీ దాని గడువులోపు ఉందో లేదో చూసుకోండి. ఆవిడకీ, పిల్లలకీ ప్రయాణ ఇన్సూరెన్స్ నార్వేకి వర్తిస్తుందో లేదో అడిగి కనుక్కోండి. ఆవిడ మందులు చేతి సంచీలోనే ఉండాలి. అంబులెన్స్‌కి 113. ప్రాణం మీదకి కాకపోయినా డాక్టరు వెంటనే కావాలంటే 116117. నోట్లు మార్చుకోవాల్సిన పనిలేదు, ప్రతిచోటా కార్డు తీసుకుంటారు.

ఇప్పుడే చెయ్యాల్సినవి మూడు: గది, మోస్ట్రౌమెన్ బోటు, బట్టలు. మిగతావన్నీ అక్కడికి వెళ్ళాక వాన చూసుకుని తేల్చుకోండి. అత్తయ్యగారు చీరలోనే వస్తానంటే కాదనకండి, కానీ కుచ్చిళ్ళు తడిస్తే చలి కాళ్ళకి ఎక్కుతుంది కాబట్టి లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకోమనండి. చెప్పులు వద్దు. అడుగున జారకుండా పట్టు ఉండి, నీళ్ళు దిగని బూట్లు ఈ వారమే కొనివ్వండి. ప్రయాణం రోజుకి అలవాటు కావాలంటే ఇప్పటి నుంచీ రోజూ సాయంత్రం అవే వేసుకుని మీ వీధి చివరిదాకా నడిపించండి.